మన మెడ మీదే తీయండి

(చెన్నైలో, ఇంట్లో నగలు చేసి అమ్ముకునే తెలుగు మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, వేదిక ఎక్కకుండా తప్పించుకుని వెనక వరుసల్లో కూర్చున్న అసలైన పెద్దలకు, ఈ హాలును ఒక పూట మనకు వదిలిపెట్టినవారికి, పొద్దుటి నుంచి వంటగదిలో నిలబడి మన కోసం పులిహోర కలిపిన అక్కలకు, కీచుమంటున్న మైకును దారికి తెచ్చిన తమ్ముడికి నమస్కారం. ఇంకా చెప్పవలసిన పేర్లంటూ కార్యదర్శి గారు ఒక చీటీ ఇచ్చారు. అందులోని వాళ్లందరికీ నాకంటే ముందు మాట్లాడిన ముగ్గురూ దండం పెట్టేశారు. కాబట్టి చీటీ మడిచి సంచిలో పెట్టుకుంటున్నాను. ఎవరూ ఏమీ అనుకోవద్దు.

నాకు ఇచ్చిన విషయం ‘చేతి నగలను ఫోనుతో ఫోటో తీయడం, ప్రదర్శనలో అమర్చడం’. ఇచ్చిన సమయం అరగంట. పది చిట్కాలు చెప్పి దిగిపొమ్మని కార్యదర్శి గారి సలహా. చిట్కాలు చెబుతాను. అందుకోసం ఎండలో పడి వచ్చినవాళ్లను వట్టి చేతులతో పంపను. కానీ పైకి వస్తూ మెట్ల పక్కన మన ప్రదర్శన పోస్టరు చూశాను. చూసినప్పటి నుంచి చిట్కాల మీద మనసు నిలవడం లేదు.

ఆ పోస్టరులో ఒక మెడ ఉంది. ముఖం లేదు, మెడ మాత్రమే. చెన్నై ఎండ ఎన్నడూ తగలని మెడ. దాని మీద మన సభ్యురాలు చేసిన కెంపుల హారం. నగ మనది, మెడ ఎవరిదో. ఎవరిదని అడిగితే ఎక్కడి నుంచో తెచ్చి కంప్యూటర్లో అతికించామన్నారు. ఇన్ని మెడలున్న హాలు కదమ్మా ఇది, ఒక్కటీ పనికి రాలేదా?

చప్పట్లు ఆపండి, ఇంకా మొదలుపెట్టలేదు.

మనం చేసిన నగను వేసుకునేది మనలాంటివాళ్లే. పెరంబూరులో, సైదాపేటలో, కొళత్తూరులో బస్సు ఎక్కి దిగే ఆడవాళ్లు. నూటికి తొంభై మంది చామనఛాయ, నలుపు. ఫోటోలో మాత్రం మన రంగు కనబడదు. తెల్లటి బొమ్మ మెడ, లేకపోతే తెల్లటి అమ్మాయి మెడ. ఇది న్యాయం సంగతి అంటారా, న్యాయం సంగతే. కానీ నేను వ్యాపారం సంగతిగా, కెమెరా సంగతిగా చెప్పదలచుకున్నాను. చామనఛాయ మెడ మీద తీస్తే ఫోటో బాగా వస్తుంది. ఎందుకు వస్తుందో చెబుతాను.

ముందు వెలుతురు. ఇంట్లో ఫోటో తీద్దామని కూర్చోగానే మనం చేసే మొదటి పని ట్యూబులైటు వేయడం. అది ఆపేయండి. కిటికీలోంచి వచ్చే పగటి వెలుతురుది ఒక రంగు, బల్బుది మరో రంగు. రెండూ ఒకే నగ మీద పడితే ఒక పక్క నీలంగా, ఒక పక్క పసుపుగా వస్తుంది. ఫోను ఏదో ఒకదానికే సర్దుకోగలదు. కిటికీ చాలు. ఎండ నేరుగా పడని కిటికీ అయితే మరీ మంచిది. ఎండ పడుతుంటే మీ ఇంట్లోవాళ్ల తెల్ల పంచె ఒకటి అడ్డంగా కట్టండి. కొత్తది వద్దు, ఉతికి ఉతికి పలచబడినది కావాలి. కిటికీకి ఎదురు పక్కన తెల్ల థర్మోకోల్ పలక నిలబెట్టండి. ఇంతకు మించిన స్టూడియో మనకు అక్కర్లేదు. 

రాత్రిపూట తప్ప తీరిక దొరకనివాళ్లు రిచీ స్ట్రీటుకు వెళ్లి ఎల్ఈడీ దీపం కొనుక్కోండి. కొనేటప్పుడు ఎన్ని వాట్లు అని అడిగి ఊరుకోకండి, సీఆర్ఐ ఎంత అని అడగండి. రంగులను ఆ దీపం ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే సంఖ్య అది. వందకు తొంభై దాటాలి. అందులోనూ ఒక మెలిక ఉంది. ఆ సంఖ్యను ఎనిమిది రకాల లేత రంగుల సగటు చూసి కడతారు. ముదురు ఎరుపు అందులో లేదు. దానికి ఆర్9 అని విడిగా ఇంకో సంఖ్య ఉంటుంది. మన కెంపులు, పగడాలు అన్నీ ముదురు ఎరుపే కదా! చౌక దీపం కింద కెంపు చచ్చిపోయి మట్టిరంగులోకి దిగిపోయేది అందుకే. దుకాణంలో అబ్బాయికి ఆర్9 సంగతి తెలియకపోతే మీ సంచిలో ఒక కెంపు రాయి తీసుకెళ్లండి. దీపం కింద పెట్టి చూడండి, వీధిలోకి తెచ్చి చూడండి. రెండుచోట్లా ఒకటే ఎరుపు కనబడితే కొనండి.

వెండి, బంగారం, పూత నగ, ఏదైనా సరే, మెరుగు పెట్టిన లోహం ఎదురుగా ఉన్నదాన్ని చూపిస్తుంది. ఎదురుగా మీరు ఎర్ర చీర కట్టుకుని నిలబడితే వెండి పట్టీలో ఎర్ర మరక కనబడుతుంది. ఆ పూట తెల్లదో బూడిదరంగుదో కట్టుకోండి. లోహం మరీ తెల్లగా పేలిపోయి అంచులు తెలియకపోతే ఆండర్సన్ వీధిలో దొరికే నల్ల అట్ట ముక్క కత్తిరించి నగకు పక్కగా, ఫోటోలో పడకుండా పట్టుకోండి. ఆ నలుపు లోహంలో సన్నని గీతలా దిగి అంచును చూపిస్తుంది. ఫోను మరీ దగ్గరగా పెట్టకండి, జుంకా కింద బుట్ట పెద్దదై పైన దిద్దు చిన్నదవుతుంది. రెండడుగులు వెనక్కి జరిగి రెండు రెట్లు జూము చేయండి. తీసేముందు కెమెరా అద్దం తుడవండి. నవ్వకండి, పొద్దున్నుంచి మీరు చూపించిన ఫోటోల్లో సగం వంటింటి నూనె వేళ్ల మీదుగా తీసినవే.

వెనక వరుసలో పచ్చ చీర అమ్మాయీ, నన్ను ఫోటో తీస్తున్నావు కదా, ఫ్లాష్ ఆపు తల్లీ. ఆ వెలుగులో ఎవరైనా కొయ్యబొమ్మల్లాగే ఉంటారు.

ఇప్పుడు అసలు సంగతి. ఫోను కెమెరాకు ఎదురుగా ఉన్నది తెలుపో నలుపో తెలియదు. కనబడేదంతా కలిపితే ఒక మధ్యరకం బూడిదరంగు అవుతుందనే లెక్కతో వెలుతురును సర్దుకుంటుంది. పడిన వెలుతురులో పద్ధెనిమిది శాతం తిప్పి పంపే రంగు అది. మీరు తెల్లగుడ్డ మీద నగ పెడితే, ‘అబ్బో, వెలుతురు ఎక్కువైంది’ అనుకుని మొత్తం ముదురు చేస్తుంది. తెలుపు మాసిపోతుంది, నగ నల్లబడుతుంది. నల్ల ముఖమల్ మీద పెడితే చీకటి అనుకుని వెలుగు పెంచుతుంది. నలుపు బూడిదవుతుంది, బంగారం వెలిసిపోతుంది. మన బజారులో దొరికే మెడ బొమ్మలు ఏమిటి? తెల్లవి, మీగడ రంగువి, నల్ల ముఖమల్‌వి. కెమెరాను తికమక పెట్టడానికే చేసినట్టున్నాయి.

మరి తెలుపుకు నలుపుకు మధ్యలో, కెమెరా కోరుకునే రంగుకు దగ్గరగా ఉండేది ఏది? మీ మోచేతి కింద చూసుకోండి, అక్కడే ఉంది.

ఈ మాట నేను నల్లపూసల దగ్గర తెలుసుకున్నాను. మా ఇంట్లో చేసేది ప్రధానంగా నల్లపూసలే. ఈ ఊళ్లో తెలుగువాళ్ల పెళ్లి ఉన్నంతకాలం నల్లపూసలకు గిరాకీ ఉంటుంది. అందరూ నాతో అన్నది ఏమిటంటే, ‘నల్లటి మెడ మీద నల్లపూసలు ఏం కనబడతాయండీ, తెల్లటి బొమ్మ మీద పెట్టండి’ అని. వినడానికి సబబుగానే ఉంటుంది. తెల్ల బొమ్మ మీద పెట్టి తీసి, ఫోటో పెద్దది చేసి చూడండి. పెన్నుతో గీసిన నల్ల గీత కనబడుతుంది. పూస ఎక్కడ మొదలైందో, ఎక్కడ ముగిసిందో తెలియదు. తెలుపును కాపాడుకోవాలని కెమెరా వెలుతురు తగ్గించేసింది, దాంతో పూసలోని వివరమంతా చీకట్లో కలిసింది. మధ్యలో బంగారు గుండు ఉంటే అదీ సగం చీకటే.

అదే దండను చామనఛాయ మెడ మీద వేసి కిటికీకి అడ్డంగా, పక్క నుంచి వెలుతురు పడేలా కూర్చోబెట్టండి. మెడకు, పూసకు రంగులో తేడా తక్కువే. కానీ చర్మానిది మెత్తటి కాంతి, గాజుపూసది పదునైన మెరుపు. ప్రతి పూస మీదా కిటికీ ఆవగింజంత చదరమై నిలబడుతుంది. రెండు పూసల నడుమ మెలితిప్పిన తీగ చుట్టు కనబడుతుంది. ఆ చుట్టు చేత్తో వేసిందని, ఒక చుట్టుకు ఇంకో చుట్టుకు వెంట్రుకవాసి తేడా ఉందని కనబడుతుంది. మనం డబ్బు అడిగేది ఆ చుట్టుకే కదా! అది కనబడని ఫోటో ఎంత తెల్లగా ఉంటే మాత్రం ఏం లాభం?

ఇందులో చిన్న జాగ్రత్తలున్నాయి. మెడకు పౌడరు పూయకండి. నల్లటి చర్మం మీద పౌడరు ఫోటోలో బూడిద పూసినట్టు వస్తుంది. మన ఊరి చెమట సంగతి చెప్పక్కర్లేదు, తడిగుడ్డతో తుడిచి పొడిగుడ్డతో అద్దండి. మెడ కింది అడ్డ ఎముక మీద కొబ్బరినూనె వేలి కొసతో ఒక్క రవ్వ రాస్తే వెలుగు అందంగా జారుతుంది. రెండు రవ్వలు రాస్తే వంకాయలా మెరుస్తుంది. ఫోను తెర మీద నగ దగ్గర వేలు నొక్కి పట్టుకుంటే ఆ వెలుతురు దగ్గరే ఆగుతుంది, పక్కన సూర్యుడి గుర్తు కనబడుతుంది, దాన్ని కొంచెం కిందికి లాగండి. మన చర్మం ఉన్న రంగులోకి వస్తుంది, బంగారం బరువుగా కనబడుతుంది.

నమ్మకం కుదరకపోతే ఒక ఆదివారం ఎగ్మూరు మ్యూజియానికి వెళ్లండి. అక్కడి కంచు విగ్రహాల్లో తిరువెంకాడు అర్ధనారీశ్వరుడు ఉన్నాడు, 11వ శతాబ్దపు చోళుల పని. శరీరమూ కంచే, మెడలో హారమూ కంచే, రెండూ ఒకటే ముదురు రంగు. ఎదురుగా నిలబడి చూడండి, తర్వాత రెండడుగులు పక్కకు జరిగి చూడండి. హారం పేటలు, దండకడియం చెక్కడం ఎలా లేచి వస్తాయో చూడండి. ‘నగ కనబడటం లేదు, స్వామివారికి తెల్లరంగు వేయండి’ అని వెయ్యేళ్లలో ఎవరూ అన్నట్టు లేదు. తిరువల్లిక్కేణి పార్థసారథి కోవెలలో మూలవిరాట్టుదీ నలుపే. నగలు వేసుకున్న ఆ స్వామిని చూడటానికి మనం వరుసలో నిలబడతాం.

‘నలుపు నారాయణ మెచ్చు’ అని మా ఇంట్లో నా చిన్నప్పుడు తెగ అనేవాళ్లు. ఓదార్పుకు అనేవాళ్లు. నారాయణుడి మెప్పు సంగతి నాకు అప్పుడే అర్థమైంది, పెళ్లివాళ్ల మెప్పు సంగతి తర్వాత అర్థమైంది. ఈ కథ చెప్పకుండా దిగలేను. కార్యదర్శి గారు గడియారం చూస్తున్నారు. చూడనివ్వండి.

నా పెళ్లిచూపులకు ముందు ఫోటో తీయించాలని ఈ ఊళ్లోనే ఒక స్టూడియోకు తీసుకెళ్లారు. 1980ల మాట. ఊటీలో తయారయ్యే ‘ఇందు’ ఫిల్ము, ఫోటో కాగితం స్టూడియోల్లో ఉండే రోజులు, నలుపు తెలుపు ఫోటో. మా అమ్మమ్మది గూడూరు. ఆవిడ తన చేత్తో గుచ్చిన పగడాల దండ నా మెడలో వేసి పంపింది. పగడాలు ఒకే పరిమాణంలో ఉండవు కదా, చిన్నవి మెడ వెనక్కి, పెద్దవి ముందుకు వచ్చేలా ఏరి ఏరి గుచ్చింది. స్టూడియోలో ఒక పెద్దమనిషి ఉండేవాడు, నెగెటివు దిద్దే మనిషి. వాలుబల్ల మీద నెగెటివు పెట్టి వెనక నుంచి దీపం వేసుకుని, సూదిలా చెక్కిన పెన్సిలుతో నా ముఖం మీద సన్నగా గీస్తాడు. నెగెటివులో పెన్సిలు పడినచోట వెలుగు ఆగిపోతుంది, అచ్చు వేసిన కాగితం మీద ఆ చోటు తెల్లబడుతుంది. మెడలాంటి పెద్ద చోట్లకు పెన్సిలు ఎక్కడ చాలుతుంది? కుంచెతో పలచటి ఎర్రరంగు పూస్తారు. అదీ వెలుగును ఆపుతుంది.

ఫోటో వచ్చింది. తెల్లగా ఉన్నాను. ఇంట్లో అందరూ మురిసిపోయారు. అమ్మమ్మ కళ్లద్దాలు పెట్టుకుని, కిటికీ దగ్గరకు తీసుకెళ్లి, చాలాసేపు చూసి ఒకటే మాట అడిగింది: ‘నా పూసలేవే?’ నిజమే, మెడకు పూసిన రంగు దండ మీదికి పాకి ఎడమ పక్కన ఆరేడు పగడాలు లేవు. దండ గాలిలో తెగి వేలాడుతున్నట్టుంది. నా ముఖం సంగతి ఆవిడ ఎత్తలేదు. స్టూడియోవాళ్లను పిలిచి నా పూసలు నాకు పెట్టి ఇమ్మనండి అని మా నాన్నతో పోట్లాట. ఆ ఫోటో చూసి వచ్చిన మొదటి పెళ్లివాళ్లు నేను కాఫీ పట్టుకొస్తే గ్లాసు అందుకుని, గుమ్మం వైపు చూస్తూ ‘అమ్మాయిని పిలవండి’ అన్నారు.

నవ్వండి, నేనూ ఇప్పుడు నవ్వుతున్నాను. అప్పుడు ఆ స్టూడియో మెట్లెక్కి అడగాలని చాలా ఉండేది. ఇప్పటికీ ఆ వీధిలో బస్సు వెళుతుంటే తల తిప్పుకుంటాను.

ఇందులో వ్యాపారం ఎక్కడుంది అంటారేమో. మెడను తెల్లబరచండి, నగ రంగు తప్పకుండా మారుతుంది. చర్మాన్ని ఎత్తిన మీట కెంపునూ ఎత్తుతుంది, పాత బంగారపు రంగును నిమ్మపండు రంగు చేస్తుంది. కొన్నవాళ్లు పెట్టె విప్పి ‘ఫోటోలో ఉన్నది పంపండి’ అంటారు. పెళ్లివాళ్లు అడిగినట్టే. ఆ తర్వాత తిరుగు పార్శిలు ఖర్చు ఎవరిదని తగవు.

ఆ పెన్సిలు మనిషిని అని ఏం లాభం, ఫిల్మే మన కోసం తయారైనది కాదు. కొడాక్ సంస్థ 1950ల నుంచి రంగు ల్యాబులకు ఒక అమ్మాయి ఫోటో ఉన్న కార్డు పంపేది. ‘షర్లీ కార్డు’ అనేవారు. ఆ తెల్లమ్మాయి చర్మం సరిగా వచ్చిందా, యంత్రం సరిగా ఉన్నట్టు లెక్క. మిగతా ప్రపంచం ఎలా వచ్చినా ఫరవాలేదు. కెనడాకు చెందిన పరిశోధకురాలు లోర్నా రాత్ ఈ చరిత్రను తవ్వి 2009లో ప్రచురించారు. గోధుమరంగు ఛాయలు ఫిల్ములో సరిగా రావడం లేదని గట్టిగా ఫిర్యాదు చేసింది ఎవరో తెలుసా? చాక్లెట్లు చేసేవాళ్లు, చెక్క సామాను అమ్మేవాళ్లు. పాల చాక్లెట్టుకు, ముదురు చాక్లెట్టుకు ఫోటోలో తేడా తెలియడం లేదట. టేకు బల్లకూ మరో చెక్క బల్లకూ తేడా తెలియడం లేదట. వాళ్లకు సరుకు అమ్ముడుపోవాలి, అడిగారు, కంపెనీ దిద్దుకుంది. మనకూ సరుకు అమ్ముడుపోవాలి. బల్ల కోసం అడిగినవాళ్లున్నారు, మన మెడ కోసం మనం అడగలేమా?

ఇప్పటి ఫోనుల్లో పెన్సిలు మనిషి లోపలే కూర్చున్నాడు. అందం మీట, అదే ‘బ్యూటీ’ అనేది ఒకటి ఉంటుంది, చాలా ఫోనుల్లో మనం వేయకముందే వేసి ఉంటుంది. ముఖం చదును చేస్తుంది, రంగు తేలుస్తుంది. ఈ పూట ఇంటికెళ్లగానే దాన్ని వెతికి సున్నాకు దించండి. పోర్‌ట్రెయిట్ పద్ధతి కూడా నగలకు వద్దు. వెనకదంతా మసక చేసే హడావిడిలో జుంకా చివరి ముత్యాలను, చెంపసరం తీగను వెనక గోడలో కలిపేస్తుంది. మా అమ్మమ్మ ఉంటే మళ్లీ అడిగేది, నా పూసలేవని.

ఈ ఊరికి ఈ పోరాటం కొత్త కాదు. నలుపు అందం అని 2009లో ప్రచారం మొదలుపెట్టిన స్వచ్ఛంద సంస్థ ఈ చెన్నైదే. తర్వాత నటి నందితా దాస్ గొంతు కలిపారు. నల్లటి చర్మాన్ని తక్కువ చేసి చూపకూడదని 2014లో ప్రకటనల మండలి నియమాలు పెట్టింది. 1975 నుంచి అమ్ముతున్న ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో పేరు మార్చుకుంది. పెద్ద కంపెనీలు సిగ్గుపడి పేర్లు మార్చుకుంటుంటే, ఇంట్లో పటకారు పట్టుకుని తీగ తిప్పే మనం తెల్ల మెడల కోసం వెతుక్కుంటున్నాం.

కిందటేడు ఒక ఆన్‌లైన్ దుకాణంవాళ్లకు నా నల్లపూసల ఫోటోలు పంపాను. మా వీధిలో కాలేజీకి వెళ్లే అమ్మాయి వేసుకుంది. నిగనిగలాడే నలుపు, పొడవాటి మెడ, నగకు అంతకంటే ఏం కావాలి? నగలు బాగున్నాయి, ఫోటోలు ‘ప్రీమియం’గా లేవు, మోడల్‌ను మార్చి పంపండి అని జవాబు వచ్చింది. మార్చలేదు. వాళ్లకు నగలూ పంపలేదు. ఆ అమ్మాయికి ఆ జవాబు చూపించలేదు కూడా. ఆ దండ మైలాపూరులో ఒక కచేరీ పూట చేతిలో ఉన్న ఫోటో చూపించి అమ్మాను. కొన్నావిడ దండ ధర అడగకముందు, ‘ఈ అమ్మాయి వేసుకున్నట్టే వస్తుందా నాకు’ అని అడిగింది. ఆవిడదీ అదే రంగు.

సరే, ప్రదర్శనలో అమర్చడం. సమయం అయిపోయిందట, పులిహోర చల్లారినా బాగుంటుంది, కూర్చోండి.

మెడ బొమ్మలు మన రంగులో దొరకవని చెప్పాను కదా. నేను కోసపేట వెళ్లాను. వినాయకుడి బొమ్మలు, కొలువు బొమ్మలు చేసే కుమ్మరుల పేట. మెడ, భుజాల వరకు బొమ్మ చేసి కాల్చి ఇవ్వమంటే అక్కడి పెద్దాయన వింతగా చూశాడు. తల లేని బొమ్మ ఇంట్లో పెట్టుకోకూడదమ్మా అన్నాడు. అంగడికి అంటే ఒప్పుకున్నాడు. రంగు వేయనివ్వలేదు నేను. కాల్చిన మట్టి రంగే, ఒకటి కొంచెం లేత, ఒకటి ముదురు, ఒకటి పొగ తగిలి నల్లగా. నగ జారకుండా మెడ వెనక గాడి పెట్టించాను. గాలికి పడిపోకుండా లోపల ఇసుక పోశాను. ముఖమల్ బొమ్మకు దుమ్ము, దారపు పోగులు అంటుకుంటాయి, ఫోటోలో ప్రతి పోగూ కనబడుతుంది. మట్టి బొమ్మను తడిగుడ్డతో తుడిస్తే సరి.

బల్ల మీద నగలన్నీ పరిచేయకండి. పరిచిన నగలను చూడటానికి మనిషి వంగాలి. వంగితే తన నీడ తన నగ మీదే పడుతుంది, హాలులో దీపాలు నడినెత్తిన ఉంటాయి కనుక. నవరాత్రులకు కొలువు మెట్లు మన అందరి ఇళ్లలో ఉన్నాయి, అటక మీద నుంచి దింపండి. హారాలు పై మెట్టున కంటికి ఎదురుగా, కమ్మలు మధ్యలో, ఉంగరాలు కింద. పక్క నుంచి ఒక దీపం. అద్దం తప్పనిసరి, ముఖం మాత్రమే కనబడే చేతి అద్దం కాకుండా మెడ, భుజాలు కనబడేది కావాలి. నగ పక్కన చీటీ మీద పొడవు, బరువు, ధర రాయండి. జుంకా ఎన్ని గ్రాములో చెవికి ముందే తెలియాలి. పూత నగైతే పూత అని రాయండి, ఒక గ్రాము బంగారం అని రాసి ఆ ఒక గ్రాము ఎక్కడుందో చూపలేక తడబడకండి. నిజంగా బంగారమే అమ్మేవాళ్లు హాల్‌మార్కు ముద్రను, 2023 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరి అయిన, ప్రతి నగకూ విడిగా ఉండే ఆరు అక్షరాలూ అంకెల గుర్తింపు సంఖ్య హెచ్‌యూఐడీని దగ్గరగా ఫోటో తీసి పెట్టండి. దాని గురించి ఇంకో రోజు మాట్లాడుకుందాం, అదో పెద్ద పురాణం.

కార్యదర్శి గారూ, మీకు నా విన్నపాలు మూడు. ఆ పోస్టరు ఈ సాయంత్రమే తీయించండి. అచ్చు ఖర్చు పోతుందంటే నా వంతు నేను ఇస్తాను, ఇక్కడున్నవాళ్లూ ఇస్తారు, ఇస్తారా లేదా? ఇస్తామంటున్నారు, విన్నారు కదా. రెండోది, కొత్త పోస్టరుకు ఆ కెంపుల హారం చేసిన సభ్యురాలి మెడే కావాలి. ఆవిడ మూడో వరుసలో కూర్చుని కొంగు కప్పుకుంటున్నారు, వదిలిపెట్టకండి. మూడోది, ప్రదర్శన దరఖాస్తులో ‘ఫోటోలు తెల్లటి నేపథ్యంతో, ఆకర్షణీయమైన మోడల్‌తో పంపాలి’ అన్న వాక్యం కొట్టేయండి. ‘నగ పొడవు తెలిసేలా మనిషి మీద తీసినది ఒకటి, దగ్గరగా తీసినది ఒకటి’ అని రాయండి చాలు.

ప్రశ్నలు ఇక్కడ వద్దు. తూర్పు వసారాలో నీడ పట్టున మంచి వెలుతురు ఉంది, నాలుగున్నర వరకు ఉంటుంది. నగలు తెచ్చుకున్నవాళ్లు అక్కడికి రండి. పంచె నేను తెచ్చాను, థర్మోకోల్ ఈ తమ్ముడి దగ్గర ఉంది. మెడలు మీవే. పచ్చ చీర అమ్మాయీ, నువ్వు ముందు రా, ఆ ఫోనులో అందం మీట ఎక్కడుందో వెతికి పెట్టు.